కొంకర్లు పోయే వేళ్లు, బండి హ్యాండిలు



ఆదిలాబాద్ చలి గురించి ఆదిలాబాద్ వాళ్లకు కొత్తగా చెప్పేదేమీ లేదు. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున 10 డిగ్రీల కిందికి దిగడం ఇక్కడ మామూలే. కొన్నేళ్లు బేల, సిర్పూర్, గిన్నెదరి వైపు 5 డిగ్రీల లోపుకు కూడా పోతుంది. ఉత్తరం నుంచి పొడిగాలి వీస్తుంది. ఆకాశంలో మబ్బు తునక ఉండదు. పగలంతా నేల దాచుకున్న వేడి రాత్రికి రాత్రే పైకి పోతుంది. అటు తూర్పు కనుమల్లో చింతపల్లి, లంబసింగి, పాడేరు, అరకు మనుషులకూ ఇదే చలి. లంబసింగి మంచు చూడటానికి జనం కార్లు కట్టించుకుని వస్తారు, ఫొటోలు తీసుకుని ఎండెక్కేసరికి వెళ్లిపోతారు. అక్కడే ఉండేవాళ్లకు, ఇక్కడ మనకు మాత్రం చలి చూసి పోయే వింత కాదు. పాల క్యాన్లు రెండువైపులా తగిలించుకుని నాలుగున్నరకే బండి తీసేవాళ్లున్నారు. పేపర్ కట్టలు వేసుకుని తిరిగే పిల్లలున్నారు. మంచిర్యాల వైపు సింగరేణిలో ఫస్ట్ షిఫ్టుకు ఏడింటికల్లా గని దగ్గర ఉండాల్సినవాళ్లున్నారు. కూరగాయల మూటతో మార్కెట్టుకు, పత్తి అమ్మకానికి యార్డుకు, ఏజెన్సీ బడులకు, ఉపకేంద్రాలకు చీకటితోనే బయలుదేరే ఆడా మగా ఎందరో.

వీళ్లందరి ఒళ్లూ ఏదో ఒక విధంగా కప్పే ఉంటుంది. స్వెట్టరు ఉంటుంది, మఫ్లరు ఉంటుంది, మంకీ క్యాపు ఉంటుంది. చేతులే ఖాళీగా ఉంటాయి. బండి మీద ఉన్నంతసేపూ అన్నిటికంటే ముందు గాలికి ఎదురు నిలబడేవి ఆ చేతులే. బండిని ఆపేవీ అవే. ఇవాళ ఈ పదిహేను నిమిషాలూ ఆ చేతుల గురించే మాట్లాడతాను.

ఉట్నూరు వైపు బడికి బండి మీద వెళ్లిన రోజుల్లో నాతోపాటు వచ్చే టీచర్లు గుడిహత్నూర్ దాటగానే ఒక్క చేత్తో బండి నడుపుతూ రెండో చెయ్యి చంకలో పెట్టుకునేవాళ్లు. కాసేపటికి చేతులు మార్చేవాళ్లు. ఇప్పటికీ ఆ దారిలో అలా పోయేవాళ్లు కనిపిస్తారు. కుడిచెయ్యి చంకలో ఉందంటే ముందు బ్రేకు మీద ఎవరూ లేరని అర్థం. ఎడమ చెయ్యి లేకపోతే క్లచ్ లేదు. అడవి రోడ్డు మీద చీకట్లో అడవిపంది అడ్డం వస్తుంది, మేకల మంద వస్తుంది, దీపం లేని ఎడ్లబండి ఉంటుంది.

చేతులు రెండూ హ్యాండిలు మీదే ఉన్నా, వేళ్లు కొంకర్లు పోయి ఉంటే ఫలితం ఇంచుమించు అంతే. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు దాదాపు 14 మీటర్లు దాటుతుంది. లివరు మీద వేళ్లు ముడుచుకోవడానికి అర సెకను ఎక్కువ పట్టిందంటే బ్రేకు పడకముందే 7 మీటర్లు అదనంగా వెళ్లిపోయామన్నమాట. 7 మీటర్లంటే ఒక బస్సులో సగం కంటే ఎక్కువ పొడవు. అందుకే చేతుల వెచ్చదనం సుఖానికి సంబంధించిన విషయం కాదని నేను గట్టిగా చెబుతాను. బ్రేకు వైరు సరిచూసుకోవడం ఎంత అవసరమో ఇదీ అంతే.

ఇంతకీ బండి మీద చలి అంత పెరగడానికి కారణం గాలి. అంటార్కిటికాలో 1940ల మొదట్లో పాల్ సైపుల్, చార్లెస్ పాసెల్ అనే ఇద్దరు అమెరికన్లు చిన్న ప్లాస్టిక్ గొట్టంలో నీళ్లు పోసి ఆరుబయట పెట్టారు. ఎంత గాలిలో ఎంతసేపటికి ఆ నీళ్లు గడ్డకడతాయో కొలిచారు. గాలి వేగం వల్ల చలి ఎంత పెరిగినట్టు అనిపిస్తుందో చెప్పే లెక్కలకు అదే పునాది. ఆ లెక్కను 2001లో అమెరికా, కెనడా వాళ్లు సవరించారు. దాని ప్రకారం చూస్తే, బయట 5 డిగ్రీలున్నప్పుడు గంటకు 30 కిలోమీటర్ల గాలి తగిలితే 0 డిగ్రీలున్నంత చలి అనిపిస్తుంది. 60 కిలోమీటర్ల గాలికి మైనస్ 2. ఈ లెక్క ముఖం మీది చర్మానికి కట్టింది కాబట్టి చేతికి అచ్చంగా అతకదు. అయినా ఒక సంగతి ఇందులో బాగా కనిపిస్తుంది. 5 నుంచి 0 దాకా పోయింది మొదటి 30 కిలోమీటర్ల వేగంలోనే. వేగం రెట్టింపయితే ఇంకో రెండు డిగ్రీలే తగ్గింది. అంటే మెల్లగా పోతున్నాను కదా, చలి నన్నేం చేస్తుందిలే అనుకోవడానికి వీల్లేదు. మెల్లగా పోవడం బ్రేకు పరంగా మంచిదే, తప్పకుండా అలాగే పోవాలి. చేతులకు మాత్రం అడ్డు ఏదో ఒకటి ఉండాల్సిందే.

ఇంకోటి కూడా చెప్పాలి. మైనస్ 2 అన్నాను కదా అని మన ఊళ్లో వేళ్లు గడ్డకట్టిపోతాయని భయపడొద్దు. గాలి 5 డిగ్రీలుంటే పొడిగా ఉన్న చర్మం 5 డిగ్రీల కంటే కిందికి పోదు. అక్కడిదాకా తొందరగా చేరుతుంది, అంతే. అయితే పనితనం పోవడానికి అంత దిగక్కర్లేదు. చేతి చర్మం 15 డిగ్రీల దరిదాపుల్లోకి వచ్చేసరికే వేళ్ల చురుకు తగ్గుతుంది. 8 డిగ్రీల దగ్గర స్పర్శ మొద్దుబారుతుంది. లివరు ఎంత నొక్కామో చేతికి తెలియదు. నరాలలో కబురు నడిచే వేగం కూడా చలికి పడిపోతుంది.

ఇప్పుడు ఈ ప్రసంగంలో అన్నిటికంటే ముఖ్యమైన మాటకు వస్తున్నాను. చేతుల్లో వేడి పుట్టేది చాలా తక్కువ. అక్కడ పెద్ద కండలు లేవు. వేళ్లను ఆడించే కండల్లో ఎక్కువ భాగం మోచేతికి, మణికట్టుకు మధ్య ఉంటాయి. వేళ్ల దాకా వచ్చే వేడి రక్తం మోసుకొచ్చేదే. శరీరం లోపలి భాగాన్ని, అంటే గుండె, ఊపిరితిత్తులు, మెదడు ఉన్న చోటును, 37 డిగ్రీల దగ్గర నిలబెట్టుకోవడం ఒంటికి అన్నిటికంటే ముఖ్యం. చెరువులో నీళ్లు తగ్గినప్పుడు తూము దగ్గరి మళ్లకు వదిలి చివరి ఆయకట్టుకు ఆపేస్తారు చూడండి, ఒళ్లు చల్లబడటం మొదలయ్యాక శరీరమూ అదే చేస్తుంది. వేళ్లకు పోయే సన్నని రక్తనాళాలను బిగించేస్తుంది. అప్పుడు ఎంత ఖరీదైన గ్లౌజులు తొడిగినా లాభం ఉండదు. గ్లౌజు వేడిని పుట్టించదు. వచ్చిన వేడిని పోకుండా పట్టి ఉంచుతుంది. రానిదాన్ని ఏం పట్టి ఉంచుతుంది?

కాబట్టి చేతులు వెచ్చగా ఉండాలంటే ముందు ఛాతీ కప్పుకోవాలి. ఆ తర్వాత మెడ, ముంజేతులు. స్వెట్టరు ఒక్కటే చాలదు. ఉన్ని అల్లికలో రంధ్రాలుంటాయి, బండి వేగానికి గాలి సూటిగా దూరిపోతుంది. స్వెట్టరు మీద గాలి దూరని పొర ఒకటి ఉండాలి. జర్కిన్ ఉంటే మంచిదే. లేకపోతే వానాకాలం కోసం కొన్న రెయిన్‌కోటు పైభాగం తీసి తొడుక్కోండి. అటక మీద ఊరికే పడి ఉండే ఆ కోటు చలికాలంలో చేసే మేలు ఇంతా అంతా కాదు. అదీ లేనివాళ్లు పాత న్యూస్‌పేపర్ నాలుగైదు మడతలు వేసి చొక్కాకూ స్వెట్టరుకూ మధ్య ఛాతీ మీద పెట్టుకోవచ్చు. ఇది పేదవాడి తంటా అనుకోకండి. ఫ్రాన్సులో జరిగే టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ పోటీలో కొండ ఎక్కి అటువైపు దిగేటప్పుడు పెద్ద పెద్ద ఛాంపియన్లు జెర్సీలో పేపరు దోపుకునేవాళ్లు. పేపరు గాలిని ఆపుతుంది, మడతల మధ్య కదలని గాలిని నిలబెడుతుంది. ఆ కదలని గాలే అసలు దుప్పటి.

గొంగడి గురించి అడిగేవాళ్లుంటారు. మన కురుమల చేతి నేత, చింతగింజల గంజి పట్టించిన గొంగడి గాలిని బాగా ఆపుతుంది. తడిసినా ఉన్ని వెచ్చదనం పూర్తిగా పోదు. గొర్రెల కాపరికి దానిని మించింది లేదు. బండి మీద మాత్రం ఒంటికి చుట్టుకుని నడపకండి. కొంగు జారి చక్రంలోనో చైనులోనో పడితే ప్రాణం మీదికి వస్తుంది. శాలువా, మఫ్లరు కొసలకూ ఇదే జాగ్రత్త. మఫ్లరు చుట్టుకున్నా, మంకీ క్యాపు పెట్టుకున్నా, దాని మీద హెల్మెట్ ఉండాల్సిందే. పల్చటి క్యాపు మీద హెల్మెట్ బిగుతుగా సరిపోతుందో లేదో ఇంట్లోనే చూసుకోండి.

మణికట్టు దగ్గరికి వద్దాం. వైద్యుడు నాడి పట్టి చూసే చోటు అది. అంటే రక్తనాళం చర్మానికి అంత దగ్గరగా ఉందన్నమాట. గ్లౌజుకూ చొక్కా చేతికీ మధ్య రెండంగుళాల ఖాళీ వదిలేస్తే చేతికి పోయే రక్తం అక్కడే చల్లబడి పోతుంది. జర్కిన్ చేతిలోంచి గాలి దూరి మోచేతి దాకా, భుజం దాకా పాకుతుంది. కొనేటప్పుడు మణికట్టు దాటి నాలుగంగుళాలు పైకి వచ్చే గ్లౌజులు చూడండి. అవి దొరకకపోతే పాత సాక్సులు వేళ్ల దగ్గర కత్తిరించి మణికట్టు నుంచి మోచేతి దాకా తొడుక్కోండి. వేళ్లను నడిపే కండలు ముంజేతిలో ఉన్నాయని చెప్పాను కదా, ఆ భాగం చల్లబడితే వేళ్లు వెచ్చగా ఉన్నా కదలిక మందగిస్తుంది.

గ్లౌజుల విషయంలో సంతలో దొరికే ఉన్ని గ్లౌజులు కొని మోసపోయామని చాలామంది అంటారు. ఉన్నిది తప్పు కాదు, పైన గాలి ఆపే పొర లేకపోవడమే లోపం. ఉన్ని లోపల, తోలో రెగ్జినో బయట, ఈ రెండూ కలిస్తే మన చలికి చాలు. సైజు విషయంలో జాగ్రత్త. బిగుతుగా ఉన్న గ్లౌజు వేళ్ల దగ్గర నాళాలను నొక్కేస్తుంది, లోపల గాలి నిలవడానికి చోటుండదు. మరీ లావుగా ఉంటే లివరు అందదు, ఇండికేటర్ మీట తెలియదు, పైగా లావుపాటి గ్లౌజుతో హ్యాండిలు పట్టుకోవడానికి చెయ్యి ఎక్కువ బిగించాలి. గట్టిగా బిగించిన గుప్పిట్లో రక్తం సరిగా ఆడదు. కాబట్టి షాపులో తొడుక్కుని, బయట నిలబెట్టిన మీ బండి దగ్గరికి వచ్చి, ముందు బ్రేకు పట్టండి, క్లచ్ పట్టండి, హారన్, ఇండికేటర్, డిప్పర్ అన్నీ నొక్కి చూడండి. ఏదైనా తడుముకోవాల్సి వస్తే ఆ జత వద్దు. షాపతను ఏమనుకుంటాడో అని మొహమాటపడకండి.

చెయ్యి వెచ్చగా ఉన్నప్పుడే గ్లౌజు తొడగాలి. ఇది చిన్న విషయంలా ఉంటుంది కానీ దీనివల్ల చాలా తేడా వస్తుంది. చన్నీళ్లతో బండి సీటు తుడిచి, తాళం తీసి, కిక్కు కొట్టి, చేతులు గడ్డలయ్యాక గ్లౌజు తొడిగితే ఆ చల్లదనమే లోపల ఉండిపోతుంది. ఇంట్లోనే తొడుక్కుని బయటికి రండి. రాత్రి గ్లౌజులు బండి మీద వదలకండి, మంచుకు చెమ్మ పడతాయి.

ఈ చెమ్మ దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే మన పాలవాళ్ల కష్టమంతా ఇక్కడే ఉంది. నీరు గాలి కంటే దాదాపు 25 రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది. దానికి తోడు తడి ఆరేటప్పుడు ఆవిరి కావడానికి కావాల్సిన వేడిని చర్మం నుంచే తీసుకుంటుంది. పాలు పోసి, కొలత గిన్నె కడిగి, తడి చేతులతోనే హ్యాండిలు పట్టుకుని ఇంకో వీధికి పోతారు. ఎండాకాలం కుండలో నీళ్లు ఏ కారణంతో చల్లబడతాయో ఇక్కడ చెయ్యీ అదే కారణంతో చల్లబడుతుంది. బండికి ఒక పొడి తువ్వాలు కట్టుకోండి, దానిని చేతులు తుడుచుకోవడానికే ఉంచండి. రెండు జతల గ్లౌజులు పెట్టుకోండి. ఒకటి తడిస్తే రెండోది. పాలు పోసేటప్పుడు డాక్టర్లు వాడే పల్చటి రబ్బరు గ్లౌజులు తొడుక్కుంటే తడి చర్మం దాకా రాదు. అవే గ్లౌజులను ఉన్ని గ్లౌజుల లోపల వేసుకుని దూరం పోవచ్చా అంటే, ఇరవై నిమిషాలో అరగంటో ఫర్వాలేదు. అంతకంటే ఎక్కువైతే లోపల చెమట పట్టి మళ్లీ తడే. ఇక గ్లౌజు మీద పాలిథిన్ కవరు కట్టుకునేవాళ్లకు ఒక్క మాట: పాలిథిన్ గాలిని ఆపుతుంది, నిజమే. కానీ లివరు మీద జారుతుంది. గ్లౌజు లోపల వేసుకోండి, పైన వద్దు.

అసలు గాలి చేతికే తగలకుండా చేస్తే సగం పని అయిపోతుంది. ఉత్తర భారతంలో చలికాలం వస్తే హ్యాండిలుకు రెండువైపులా రెగ్జిన్ తొడుగులు బిగిస్తారు. లోపల బొచ్చుగుడ్డ ఉంటుంది. చేతిని సంచిలో పెట్టినట్టు అందులో పెట్టి లివర్లు పట్టుకుంటారు. వెచ్చదనంలో గ్లౌజులు దీనికి సాటిరావు. పల్చటి గ్లౌజు చాలు, లివరు స్పర్శ బాగా తెలుస్తుంది. అయితే రెండు పరీక్షలు చేయాలి. చెయ్యి ఒక్క క్షణంలో లోపలికి పోయి బయటికి రావాలి. వేగంగా పోయేటప్పుడు ఎదురుగాలికి తొడుగు వెనక్కి వాలి బ్రేకు లివరును నొక్కకూడదు. మెత్తటి గుడ్డతో కుట్టించినవి అలా నొక్కుతాయి, వెనక లైటు వెలుగుతూనే ఉంటుంది, బ్రేకు రాసుకుంటూ ఉంటుంది. లోపల గట్టి అట్టో ప్లాస్టిక్కో పెట్టి కుట్టించండి. సీటు కవర్లు కుట్టేవాళ్లు ఈ పని చేయగలరు. ఐదు లీటర్ల నూనె క్యాను కోసి లివర్ల ముందు కవచంలా బిగించుకున్నవాళ్లనూ చూశాను. మంచి ఆలోచన. అంచులు నునుపుగా అరగదీసి, హ్యాండిలు రెండువైపులా పూర్తిగా తిప్పి వైర్లకు అడ్డం పడటం లేదని చూసుకోవాలి.

బండి వైపు నుంచి ఇంకో రెండు పనులున్నాయి. క్లచ్ వైరు పొడిబారి ఉంటే లివరు బిగుసుకుంటుంది, ప్రతి గేరుకూ చెయ్యి అలసిపోతుంది. చలికాలం మొదట్లో మెకానిక్ దగ్గర వైరులో ఆయిల్ పోయించండి, పాతదైతే మార్పించండి. రెండోది, లివర్లు అల్యూమినియంవి, వేళ్ల వేడిని తాగేస్తాయి. పాత సైకిల్ ట్యూబు ముక్క బిగుతుగా తొడిగితే లోహం చర్మానికి తగలదు. కరెంటుతో వేడెక్కే గ్రిప్పులు కూడా దొరుకుతున్నాయి. పెద్ద బండ్లకు మంచివే. వంద సీసీ బండ్లలో బ్యాటరీ చిన్నది, ఇంజన్ ఆపి వాటిని అలాగే వదిలేస్తే బ్యాటరీ దిగిపోతుంది. పెట్టించేముందు మీ బండి ఎంత కరెంటు ఇవ్వగలదో తెలిసిన మెకానిక్‌ని అడగండి.

దారిలో వేళ్లు మొద్దుబారితే బండి ఆపాలి. ఒక్క చేత్తో నడపడం కాదు, ఆపడం. దిగి, చేతులు రెండూ చంకల్లో పెట్టుకోండి. లేదా చేతిని చాచి భుజం నుంచి గుండ్రంగా ఇరవై సార్లు తిప్పండి, ఆ ఊపుకు రక్తం వేలికొసల దాకా పోతుంది. నాలుగు గుంజీలు తీస్తే ఒళ్లే వేడెక్కుతుంది. వాగు వంతెనల దగ్గర, లోయల్లో చల్లటి గాలి అడుగున పేరుకుని ఉంటుంది, బండి దిగువకు పోగానే జివ్వుమంటుంది. అక్కడ కాకుండా మిట్ట మీద ఆగండి. సైలెన్సర్ మీద, ఇంజన్ మీద చేతులు పెట్టొద్దు. మొద్దుబారిన చేతికి కాలడం తెలియదు, తెలిసేసరికి బొబ్బ లేస్తుంది. చలిమంట దగ్గరా కాస్త దూరంగా ఉండండి. షుగరు ఉండి చేతుల్లో స్పర్శ తగ్గినవాళ్లు మరీ దూరంగా ఉండాలి.

టీ తాగండి, మంచిది. బీడీ మాత్రం ఎంత వెచ్చగా అనిపించినా చేతులకు శత్రువే. అందులోని నికోటిన్ వేళ్లకు పోయే నాళాలను ఇంకా బిగిస్తుంది. మందు తాగితే ఒళ్లు వెచ్చబడినట్టుంటుంది కానీ అది చర్మానికి రక్తం ఎక్కి లోపలి వేడి బయటికి పోవడమే. తాగి బండి నడపకూడదని వేరే చెప్పాలా!

కొందరికి కొంచెం చలి తగిలినా వేళ్లు తెల్లగా పాలిపోయి, తర్వాత నీలంగా మారి, వెచ్చబడ్డాక ఎర్రబడి మండుతాయి. 1862లో మోరిస్ రేనో అనే ఫ్రెంచి వైద్యుడు దీన్ని వివరించాడు, ఆయన పేరుతోనే పిలుస్తారు. ఏళ్ల తరబడి డ్రిల్లింగ్ యంత్రాల అదురు చేతులకు తగిలినవాళ్లకూ ఇలాంటిదే వస్తుంది. బీపీకి, గుండెకు వాడే అటెనొలాల్, ప్రొప్రనొలాల్ లాంటి మాత్రల వల్ల కూడా కొందరికి చేతులు చల్లబడతాయి. మాత్ర మీ అంతట మీరు మానెయ్యకండి, డాక్టరుకు ఈ సంగతి చెప్పండి.

పేపర్ ఏజెంట్లకు, పాల కేంద్రాలు నడిపేవాళ్లకు నా విన్నపం ఒకటుంది. మీ దగ్గర పనిచేసే పిల్లలకు దీపావళికి మిఠాయి డబ్బా ఇస్తారు, సంతోషం. దాంతోపాటు ఒక మంచి గ్లౌజుల జత ఇవ్వండి. మీ పని మీద తిరిగే చేతులవి.

జనవరిలోనో ఆ తర్వాతో పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌లో నాగోబా జాతర. ఎందరో కుటుంబంతో బండ్ల మీదే పోతారు. చిన్నపిల్లను ముందు ట్యాంకు మీద కూర్చోబెడతారు. నాన్నకు తగలాల్సిన గాలి అంతా ముందు ఆ బిడ్డకు తగులుతుంది. పట్టుకోవడానికి అద్దం కడ్డీయో హ్యాండిలు మధ్య ఇనుమో దొరుకుతుంది, అదీ వట్టి చేతులతో. చిన్న చేతులు పెద్దవాటి కంటే తొందరగా చల్లబడతాయి. నొప్పి ఉన్నంతసేపు పిల్లలు ఏడుస్తారు, మొద్దుబారాక ఊరుకుంటారు. ఊరుకున్నారంటే బాగున్నారని కాదు. నాలుగేళ్లలోపు పిల్లలకు హెల్మెట్, వాళ్లను పెద్దవాళ్లకు కలిపి కట్టి ఉంచే బెల్టు ఉండాలని, బండి 40 దాటకూడదని 2022లో కేంద్రం నిబంధన తెచ్చింది. ముందు కాకుండా వెనక కూర్చోబెట్టండి, గ్లౌజులు లేకపోతే రెండు జతల సాక్సులు చేతులకు తొడగండి. పది పదిహేను నిమిషాలకొకసారి ఆగి గ్లౌజు తీసి వాళ్ల వేళ్లు మీ చెంపకు ఆనించి చూడండి. తిరుగు ప్రయాణం చీకట్లో పెట్టుకోకండి. రాత్రంతా పెరిగిన చలి సూర్యోదయం వేళకే అన్నిటికంటే ఎక్కువగా ఉంటుంది. పొద్దెక్కి గంటయ్యాక, పిల్లలకు వేడిగా ఏదైనా పెట్టి, అప్పుడు బండి తీయండి.